రెండు గంటల పుస్తకం

మ్యూజిక్ కాలేజీలో చదివే రోజుల్లో నేనొక దొంగతనం చేశాను. పుస్తకాన్ని గుమ్మం దాటించలేదు కాబట్టి అది దొంగతనం కాదని చాలాకాలం అనుకున్నాను.

మా లైబ్రరీలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఒక్క సెట్టే ఉండేది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి, తమిళదేశంలో ఉండి కూడా తెలుగు లిపిలో అచ్చువేయించిన పుస్తకం. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు గమకాల గుర్తులతో సహా కావాలంటే దాని దగ్గరికే వెళ్ళాలి. ఏడాదంతా దుమ్ముకొట్టుకుని ఉండేది, పరీక్షలకు నెల ముందు మాత్రం క్లాసంతా దాని మీద పడేది.

అప్పట్లో ఎవరికి దొరికితే వాళ్ళదే. నేనొక సంపుటాన్ని వయొలిన్ పాఠాల పుస్తకాల వెనక మూడు రోజులు దాచాను. ఒక క్లాస్‌మేట్ అరలన్నీ వెతికి, "నువ్వేమన్నా చూశావా?" అని నన్నే అడిగింది. లేదన్నాను. రోజుకి నాలుగు గంటలు సాధన చేసేదాన్ని, నాకు కాక ఎవరికి అవసరం?

అమర్త్య సేన్ 'ది ఐడియా ఆఫ్ జస్టిస్'లో ఒక వేణువు కోసం ముగ్గురు పిల్లలు పోటీపడతారు. వాయించడం వచ్చిన పిల్ల, ఆడుకోడానికి ఇంకేమీ లేని పిల్లాడు, దాన్ని తయారుచేసిన పిల్ల. నన్ను నేను మొదటి పిల్లననుకున్నాను. అయితే సేన్ వేణువుని ఒక్కసారి ఇచ్చేస్తే అయిపోతుంది. లైబ్రరీ పుస్తకం తిరిగొస్తుంది, ఎవరికివ్వాలన్న ప్రశ్న కూడా దాంతోపాటే రోజూ తిరిగొస్తుంది.

తర్వాత లైబ్రేరియన్ మేడమ్ పుస్తకాన్ని కౌంటర్ వెనక్కి మార్చారు. ఐడీ కార్డు పెట్టి, రిజిస్టర్లో పేరు రాసి, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఎవరికైనా రెండు గంటలే. నాలాంటివాళ్ళ కోసం పెట్టిన రూలు నాకే కలిసొచ్చింది, నా హాస్టల్ పక్కనే మరి. ఆ అమ్మాయి స్కూల్లో పాఠాలు చెప్పి, రెండు బస్సులు మారి నాలుగున్నరకి వచ్చేది. లైబ్రరీ ఐదింటికి మూసేవారు.

కొన్నాళ్ళకి మేడమ్ ఆమె కోసం ఆరున్నర దాకా కూర్చోవడం మొదలుపెట్టారు. మాలో కొందరికి ఒళ్ళు మండింది. "రూల్ అందరికీ ఒకటే కదా మేడమ్," అన్నది నేనే.

"నీ రెండు గంటలు నీకిచ్చానా లేదా?" అన్నారావిడ, రిజిస్టర్లోంచి తలెత్తకుండా.

ఇచ్చారు. అయినా నాకేదో తగ్గిందనిపించింది. ఏం తగ్గిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ముందు వరసలో ఉన్నానన్న ధీమా కావచ్చు.

పరీక్షకి వారం ముందు నా దగ్గర ఒక చరణం స్వరాలు లేవని తేలింది. ఆ అమ్మాయి నోట్సు అడిగాను. బ్యాగులోంచి తీసి ఇచ్చేసింది. ఎప్పటికి తిరిగివ్వాలో కూడా చెప్పలేదు.