మెడలోని గడ్డయు వంశపు నిందయు

ధ్యానమునకు: లేవీయకాండము 13వ అధ్యాయము, యోహాను సువార్త 9వ అధ్యాయము



మెడలోనో చంకలోనో గజ్జలోనో బిళ్ళ కట్టినప్పుడు మన పల్లెలలో దానికి వెంటనే ఒక పేరు పెట్టుదుము. కాలికి దెబ్బ తగిలినందున కట్టినదని కొందరు, గండమాల అని కొందరు అందురు. మన దేశములో క్షయ మెండుగా నున్నది గనుక మెడలోని గడ్డ పెక్కు మారులు క్షయ గడ్డయే యగును. అయితే అదే రూపముతో లింఫోమా అను క్యాన్సరు కూడ వచ్చును. జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట రెండింటిలోను ఉండవచ్చును. ముక్క తీసి పరీక్షింపకయే నెలల తరబడి క్షయ మందులు మ్రింగి, గడ్డ కరగక, ఆలస్యముగా లింఫోమా అని తెలిసికొనిన రోగులు మనలో కలరు.

లేవీయకాండము 13వ అధ్యాయమును చదువుటకు మనము విసుగుకొందుము. మచ్చలు, వెండ్రుకలు, వాపులు, ప్రసంగమునకు పనికిరాదనుకొందుము. అయితే అక్కడ యాజకుడు ఏమి చేయుచున్నాడో చూడుడి. సందేహము కలిగినప్పుడు కుష్ఠమని ప్రకటింపడు, కాదనియు ప్రకటింపడు. ఏడు దినములు ఉంచి మరల చూచును. ఇంకను తేలనియెడల మరి యేడు దినములు. ఒక మనుష్యుని పాళెము వెలుపలికి పంపు సంగతి గనుక తొందర కూడదు.

నేటి వైద్యుడును అట్లే మరల చూచును. తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూచును, రంగులు వేసి చూచును. అప్పటికిని తేలనప్పుడు జన్యు పరీక్ష కోరును. మన లింఫు కణములలో ప్రతిదియు రూపొందునప్పుడే తన జన్యువులలో కొన్ని ముక్కలను కత్తిరించి అతికించుకొని, తనదైన గురుతు ఏర్పరచుకొనును. ఊరివారు తహశీల్దారుకు అర్జీ పెట్టినట్లు తలంచుడి. కాగితముమీద నూరు వ్రేలిముద్రలున్నవి. నూరును వేరువేరైనయెడల ఊరంతయు కదలివచ్చినదని అర్థము. క్షయవంటి అంటురోగముతో పోరాడు గ్రంథిలో అట్లుండును. నూరును ఒకే వ్రేలిముద్ర యైనయెడల ఒక్కడే అన్నియు వేసెను. లింఫోమాలో ఒక్క కణము యొక్క సంతానమే గడ్డనంతయు నింపును. అయినను ఈ పరీక్ష సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. క్యాన్సరు లేకయే ఒక్క ముద్ర కనబడుట కొన్నిసారులు కలదు. ఒక్క సాక్షిని నమ్మి తీర్పు తీర్చరాదని మోషే ధర్మశాస్త్రము విధించినది గదా.

డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుని గూర్చి మన సంఘములు ఎరిగియుండుట మంచిది. ఐర్లాండులో పుట్టి, బాల్యములోనే ఒక కన్ను పోగొట్టుకొనిన భక్తిగల క్రైస్తవుడాయన. ఉగాండాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేయుచు, పిల్లల దవడలలో లేచు గడ్డలను గూర్చి 1958లో వ్రాసెను. అవి ఏయే ప్రాంతములలో కలవో తెలిసికొనుటకు 1961లో ఇద్దరు స్నేహితులతో పాత మోటారుబండిలో ఆఫ్రికాలో సుమారు 10,000 మైళ్లు తిరిగెను. అది ఒక విధమైన లింఫోమా అని తేలినది. ఆ కణములలో 8వ క్రోమోజోము, 14వ క్రోమోజోము ముక్కలు మార్చుకొనుచున్నవని 1976లో శాస్త్రజ్ఞులు చూపిరి. నేడు ఇట్టి మార్పును వెదకుట, దానిని పోలిన ఇతర లింఫోమాలనుండి వేరుచేయుటకు సాయపడుచున్నది. చికిత్స ఒకటి కాదు గనుక ఇది చిన్న సంగతి కాదు. బర్కిట్ లింఫోమా బహు వేగముగా పెరుగును. అయితే తగిన బలమైన మందులు సకాలములో అందినయెడల అనేకులు, విశేషముగా పిల్లలు, బాగుపడుదురు.

ఇక అసలు ప్రశ్న. జన్యు పరీక్ష అను మాట చెవిని పడగానే మన ఇండ్లలో పుట్టునది మరణభయము మాత్రమే కాదు. "జన్యువనగా వంశమే గదా! మా రక్తములో దోషమున్నదని కాగితముమీద వ్రాసి యిత్తురా? రేపు అమ్మాయికి సంబంధము వచ్చునా?" అని తల్లి తల్లడిల్లును. పెండ్లిమాటలలో కట్నము సంగతి మెల్లగా అడుగుదుము గాని, ఆ యింట జబ్బేమైన ఉన్నదా అని గట్టిగానే అడుగుదుము.

గడ్డముక్కలో ఈ పరీక్ష వెదకు మార్పు తాతతండ్రులనుండి వచ్చినది కాదు. రోగి దేహములో ఒకానొక కణములో కలిగినది. ఆ గడ్డలోనే యున్నది, బిడ్డలకు సంక్రమింపదు. లింఫోమా వచ్చినవారి దగ్గర బంధువులకు ఇతరులకంటె ఆ ముప్పు కొంచెము ఎక్కువన్నది నిజమే, దాచనక్కరలేదు. అయితే వారిలో అత్యధికులకు ఆ రోగము రానే రాదు. వంశమును శోధించు పరీక్షలు వేరే కలవు.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్న ఇదే: తప్పు వానిదా, కన్నవారిదా? ప్రభువు రెండును కాదని చెప్పి, వెంటనే నేలమీద బురద చేసెను. యెహెజ్కేలు కాలపు జనులు పుల్లని ద్రాక్షల సామెత చెప్పుకొని పితరులమీద నింద వేయగా, దేవుడు ఆ సామెతను మాన్పించెను. మనము దానిని క్రొత్త మాటతో పలుకుచున్నాము. వెనుక పాపమంటిమి, ఇప్పుడు జీన్స్ అనుచున్నాము.

పరీక్షకు పోవుట అవిశ్వాసమనువారు పదిమంది కుష్ఠరోగులను ప్రభువు ఎవరియొద్దకు పంపెనో చదువుకొనవచ్చును.

సంఘపెద్దలకు ఒక మాట. కూలి చేసికొని బ్రతుకు ఇంట ఈ పరీక్షకు డబ్బు ఉండదు. ఫలితము రోగికి చెందినది. అది పెద్దల చెవిని పడినను అరుగుమీదికి రాకూడదు. తీసిన ముక్కను ఆసుపత్రిలో మైనపు దిమ్మెగా భద్రపరచుదురు. పెద్ద ఆసుపత్రిలో మరల చూపింపవలెనన్నచో ఆ దిమ్మెను అడిగి తీసికొనవచ్చును. అనేకసారులు నీరసించిన రోగి బస్సెక్కనక్కరలేదు. దిమ్మెను, కాగితములను పట్టుకొనిపోవు యువకుడొకడు చాలును. వానికి దారి ఖర్చు సంఘపు చందాలోనుండి ఇయ్యవచ్చును.