బడిగంట మ్రోగిన పిమ్మట

మానవుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో జన్మించునని పెద్దలు చెప్పిరి. వీనిలో ఋషిఋణము చదువుటవలనను, చదువు చెప్పుటవలనను తీరును. వ్యక్తికి గల యీ ఋణము సమాజమునకును, ప్రజల ధనమును చేతబట్టిన ప్రభుత్వమునకును లేదా? ఉన్నచో దాని మేర యెంత? బడి తలుపులు తెరచియున్నంతవరకేనా, గంట మ్రోగి అవి మూతపడిన పిమ్మటనుగూడనా? సాయంకాలములందును, వేసవి సెలవులందును చిన్నపిల్లల యాటపాటలకు, కళలకు, కథలకు ప్రజాధనమును వెచ్చించుట యుక్తమా యను ప్రశ్న పైకి కోశాగారపు లెక్కవలె కనబడును. విచారించినచో నిది ధర్మవిచారమేయని తేలును.

రాజ్యాంగమునకు 2002లో జరిగిన 86వ సవరణ 6 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల బాలబాలికలకు విద్యను మౌలికహక్కుగా నొసగినది. దాని ననుసరించి వచ్చిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము 1వ తరగతి మొదలు 5వ తరగతివరకు ఏటికి 200 పనిదినములు, 800 బోధనాగంటలు ఉండవలెను. ఒక సంవత్సరమున 8,760 గంటలు కలవు. బాలుడు దినమునకు 9 గంటలు నిద్రించునని లెక్కించి ఆ కాలమును, బడికాలమును తీసివేసినను, ఇంకను 4,600 గంటలకు పైగా మిగులును. చట్టము పట్టించుకొన్నది 800 గంటలను. బాలుని అలవాట్లు, స్నేహములు, భయములు, ఆశలు రూపుదిద్దుకొనునది విశేషముగా ఆ మిగిలిన గంటలలోనే. బడిలో నేర్చిన దానిని నిలుపునవియు, చెరుపునవియు అవియే.

ఢిల్లీలోను, దానిని చుట్టియున్న నోయిడా, ఘాజియాబాదు, ఫరీదాబాదు, గురుగ్రామము మున్నగు పట్టణములలోను ఈ సత్యము వేసవిలో స్పష్టముగా గోచరించును. మే, జూన్ మాసములలో అచట ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. బడులు మూతపడును. కలిగినవారి బిడ్డలు రుసుము చెల్లించి ఈత, సంగీతము, చిత్రలేఖనము, చదరంగము నేర్చుకొందురు. వారు నివసించు మేడలను కట్టుటకు దూరరాష్ట్రములనుండి వచ్చిన కూలీల బిడ్డలు రేకులకప్పు క్రింద ఒంటిగది యింటిలో పగలు గడపుదురు. తల్లి పనికి పోవును గనుక పదేండ్ల బాలిక తమ్ముని చంకనెత్తుకొని కుళాయియొద్ద నీటికై నిలుచుండును. ఆ యిరువురు పిల్లలకును సెలవులు ఒక్కటే, ఎండయు నొక్కటే. ఒకరు వికసించుచుండగా వేరొకరు వాడిపోవుటకు కారణము బుద్ధిలోని భేదము కాదు, తండ్రి చేతిలోని ధనములోని భేదము. ఇట్టి భేదమును చూచుచు ఊరకుండుట ధర్మమగునా?

ఊరకుండరాదని ప్రభుత్వము తలచిన సందర్భములు లేకపోలేదు. 1956లో జవాహర్‌లాల్ నెహ్రూ ప్రోత్సాహముతో ఢిల్లీలో బాలభవనము వెలసినది. కోట్లా మార్గమున నున్న ఈ జాతీయ బాలభవనము కేంద్రప్రభుత్వ ధనముతో నడచుచున్నది. 5 మొదలు 16 ఏండ్ల వయస్సుగల పిల్లలు అచట మట్టిబొమ్మలు చేయుదురు, బొమ్మలు గీయుదురు, పాడుదురు, నాటకము లాడుదురు, విజ్ఞానశాస్త్ర ప్రయోగములు చేయుదురు. పిల్లలు ఎక్కి తిరుగుటకు చిన్నరైలు కూడ నచట కలదు. హైదరాబాదున పబ్లిక్ గార్డెన్సులోని జవాహర్ బాలభవనము తెలుగువారికి సుపరిచితమే. ఉత్తీర్ణుడవయితివా యని అడుగని చోటు పిల్లవానికి ఒకటి యుండవలెనను భావమే ఈ సంస్థలకు ప్రాణము.

ఇందుపై కొన్ని ఆక్షేపణలు కలవు. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటిది: బిడ్డలను పెంచుట తల్లిదండ్రుల ధర్మము, బడి బయటి కాలమునుగూడ ప్రభుత్వమే చూచుకొన్నచో తల్లిదండ్రుల బాధ్యత సడలిపోవునని కొందరందురు. తల్లిదండ్రులకు తీరిక యుండి బిడ్డను ఉపేక్షించునప్పుడు ఈ మాట చెల్లును. తెల్లవారుజామున పనికి వెడలి చీకటిపడిన పిమ్మట తిరిగివచ్చు తల్లి ఉపేక్షించుట లేదు. ఆమె బిడ్డ కడుపు నింపుటకే పోయినది. స్వామి వివేకానందుడు ఈ సంగతిని ఏనాడో గుర్తించెను. 1894 జూన్ 23న అమెరికానుండి మైసూరు మహారాజునకు వ్రాసిన లేఖలో, పేదపిల్లలు బడికి రాక పొలము పనికి పోవుచుండుటచే విద్యయే వారియొద్దకు పోవలెనని ఆయన తెలిపెను. సంధ్యవేళ సన్న్యాసులు పల్లెలకు పోయి, బొమ్మలను తెరపై చూపు దీపమును వెంటబెట్టుకొని ఖగోళమును, భూగోళమును తెలుపవచ్చుననియు, దేశదేశముల కథలను వినిపింపవచ్చుననియు ఊహించెను. ఇందులకు సంఘము కావలెననియు, సంఘమునకు ధనము కావలెననియు గూడ దాపరికము లేక వ్రాసెను. గమనింపదగిన విషయమేమనగా, ఆయన యెన్నుకొన్న వేళ సాయంకాలము, చెప్పుకొన్నది ఒక రాజుతో. సర్వసంగపరిత్యాగియైన సన్న్యాసి సయితము ఈ కార్యమునకు పాలకుని సహాయము కోరుట తప్పని తలపలేదు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. అక్షరములు కూడబలుకుకొని చదువలేని పిల్లవానికి తబలా యెందుకు, రంగులెందుకు? ధనము పరిమితమైనప్పుడు ముందు చదువు, పిదప ఆట యనుట వివేకము కాదా? ఢిల్లీ ప్రభుత్వము 2018లో ‘మిషన్ బునియాద్’ అను కార్యక్రమమును ఆరంభించి, ప్రభుత్వ పాఠశాలలలోను, నగరపాలక సంస్థల పాఠశాలలలోను చదువుటయందు, లెక్కలయందు వెనుకబడిన పిల్లలకు వేసవి సెలవులలో సయితము తరగతులు నడిపినది. బునియాద్ అనగా పునాది. పిల్లలను తరగతినిబట్టి కాక వారికి వచ్చిన చదువునుబట్టి జట్లుగా కూర్చి నేర్పుట దీని పద్ధతి. ఇది మంచిపని. అయిదవ తరగతిలో నున్నను రెండవ తరగతి పుస్తకము చదువలేని బాలుని అట్లే విడిచిపెట్టుటకంటె అన్యాయము వేరొకటి లేదు. చదువు వచ్చిన బాలునకు కలుగు సంతోషము సామాన్యమైనదియు కాదు.

అయితే ఇచట ఒక సూక్ష్మమున్నది. తైత్తిరీయోపనిషత్తు మానవుని అన్నమయము, ప్రాణమయము, మనోమయము, విజ్ఞానమయము, ఆనందమయము అను అయిదు కోశములుగా బోధించినది. ఈ కోశములు మెట్లు కావు. ఒకటి ముగిసిన పిమ్మట వేరొకటి ఆరంభమగునట్లు అవి యుండవు. ఒకదానిలో నొకటి యుండును. కలిగినవారి బిడ్డకు అయిదింటికిని ఒకే దినమున పోషణ లభించుచుండగా, పేదబిడ్డకు మాత్రము ముందు అన్నము, కొన్నియేండ్ల పిమ్మట అక్షరము, ఎప్పుడో యొకనాడు ఆనందము అని వంతులు వేయుట ఉపనిషత్తు చెప్పిన మనుష్యుని రెండుగా చీల్చుటయే. దినమున ఒక గంట చదువునకును, ఒక గంట పాటకును లేదా ఆటకును కేటాయించిన వేసవి తరగతి అసాధ్యమైనది కాదు. పాడుటకు వచ్చిన పిల్ల చదువుటకు నిలుచును. చదువుటకు మాత్రమే పిలువబడిన పిల్ల తాను వెనుకబడినదాననని నలుగురిలో ముద్రవేయించుకొనుటకు వచ్చినట్లే భావించును.

ప్రజాధనము అన్నమయకోశమును ఒప్పుకొనుటకే ఎంతకాలము పట్టినదో తలచుకొనవలెను. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోని పిల్లలందరికిని మధ్యాహ్నమున వండిన అన్నము పెట్టవలెనని సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించినది 2001 నవంబరు 28న. నాడును ఇది వ్యర్థవ్యయమన్నవారు కలరు. నేడు ఆకలితో నున్న బిడ్డకు పాఠము తలకెక్కదని వేరుగా వాదింపనక్కరలేదు. ఆకలి ఒక్క కోశమునకే కలుగునా యని మాత్రము అడుగవలసియున్నది.

మూడవ ఆక్షేపణ దాతల మనస్సునుండి పుట్టునది: పరుల ధనముతో పరుల బిడ్డలను ఆడించుట యెందులకు? ఇందు ‘పరుల’ యను మాటయే విచారింపదగినది. కూలిపని చేయు తల్లి ఆదాయపు పన్ను కట్టకపోవచ్చును. కాని కొన్న సబ్బుబిళ్లమీద పన్ను చెల్లించుచునేయున్నది. ఆ కాసులును అదే కోశాగారమున చేరుచున్నవి. అంతియే కాదు. నగరవాసులు నడచు వంతెన, నివసించు మేడ, వెలిగించు దీపము వెనుక ఆమె శ్రమయున్నది. దేవతలొసగిన భోగమును అనుభవించి వారికి తిరిగి ఏమియు నొసగనివాడు చోరుడేయని గీతలోని మూడవ అధ్యాయము యజ్ఞచక్రమును చెప్పుచు హెచ్చరించినది. కనుక ఆ తల్లి బిడ్డకై వెచ్చించు ధనము భిక్ష కాదు; ఆలస్యముగా తీర్చుచున్న అప్పు.

గీతలోని పదునేడవ అధ్యాయము సాత్త్విక దానమును నిర్వచించుచు, ఇయ్యవలసియున్నది గనుకనే ఇచ్చునదియు, ప్రత్యుపకారము చేయలేనివానికి తగిన చోట, తగిన వేళ ఇచ్చునదియు సాత్త్వికమని చెప్పినది. అనగా ఉత్తమమైన దానమునకు సయితము ఋణభావమే మూలము. ఇచట దేశము బిడ్డ యింటికి నడచిపోదగినంత దూరములోని బడి. కాలము గంట మ్రోగిన పిమ్మటి వేళ, మండువేసవి పగలు. పాత్రము తిరిగి ఏమియు నీయలేని పసివాడు. తమ్ముని విడిచి రాలేని బాలిక తమ్మునితో సహా వచ్చుటకు చోటుండవలెను. అట్లు లేనిచో ఆమె పేరు పట్టికలో నుండును, ఆమె కుళాయియొద్ద నుండును.

ఋణమని యొప్పుకొన్న వెంటనే రెండు నియమములు దానియంతట అవియే వచ్చును. మొదటిది, బిడ్డనుండి ఫలమును అడుగరాదు. ఇంత ధనము వెచ్చించితిమి, ఎన్ని మార్కులు పెరిగినవని పిల్లవానిని నిలదీయుట అప్పు తీర్చుచు వడ్డీ కోరుటవంటిది. రెండవది, ధనమును చేతబట్టినవానినుండి ప్రతి కాసునకును లెక్క అడుగవలెను. అప్పుగా తీర్చవలసిన ధనమును దారిలో తగ్గించువాడు దానములో లోపము చేసినవాడు కాదు, దొంగిలించినవాడు. లోకమున తరచుగా ఈ నియమములు తలక్రిందులగుచున్నవి: పిల్లవానికి పరీక్ష, పెద్దవానికి సన్మానము.

ప్రజాధనమును ఎట్లు పట్టవలెనో తెలిపిన ఒక తెలుగు మహిళ జీవితము ఢిల్లీతో ముడిపడియున్నది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మదరాసున చిన్నబాలికలను చేర్చి నడిపిన సంఘము ఆంధ్రమహిళాసభగా పెరిగినది. ఢిల్లీలోని తెలుగుబిడ్డల చదువునకై 1948లో ఆంధ్ర విద్యాసంఘమును స్థాపించిన ఆమెయే 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనమును చేర్చు మార్గమును తీర్చిదిద్దినది. ప్రభుత్వము ధనమీయగలదు, పిల్లవాని ప్రక్కన కూర్చుండు మనిషిని ధనముతో మాత్రమే కొనజాలదు. ఆ మనిషి సేవాసంఘములనుండి, ఇరుగుపొరుగులనుండి రావలెను. రెండును కలిసిననే కార్యము సఫలమగును.

ఆమె బాల్యమునాటి వృత్తాంతమొకటి ప్రసిద్ధమైనది. 1923లో కాకినాడలో జాతీయ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవికగా ఆమెను నిలిపిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. జవాహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండ రాగా ఆ పదునాలుగేండ్ల బాలిక ఆయనను నిలిపివేసినది. నిర్వాహకులు కోపించినను చలింపలేదు. టిక్కెట్టు కొనిన పిమ్మటనే లోనికి విడిచినది. నెహ్రూ ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ముప్పది మూడేండ్లు గడచిన పిమ్మట ఢిల్లీలో బాలభవనపు తలుపులు తెరపించినది ఆయనయే.

ప్రజాధనమునకు కావలెయుండువారు మరువరాని వాకిలి అది. పెద్దవాడు వచ్చినప్పుడు టిక్కెట్టు అడుగవలెను, ఎంతటివాడైనను అడుగవలెను. బడిగంట మ్రోగిన పిమ్మట, తమ్ముని చంకనెత్తుకొని వాకిట నిలిచిన బాలికను మాత్రము ఏమియు నడుగక లోనికి పిలువవలెను. ఆమె వచ్చినది అడుగుకొనుటకు కాదు. తనకు రావలసినదానికై వచ్చినది.