పడితే పట్టుకునే చేతులు

మా వదినకు నేను 56కి 52 మార్కులు వేశాను. లెక్క తప్పలేదు. కానీ ఆ మార్కులు పట్టుకుని నేను చేసిన పని తప్పు. కొలత సరైనదై ఉండి, కొలిచిన మనిషి తప్పు చేయడం ఎలా సాధ్యమని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

మాది దేవనకొండ. నేను ఫిజియోథెరపిస్టును. వదినకు రెండో కాన్పయిన రెండు నెలలకు కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒక కన్ను కొన్నాళ్లు మసకబారి మళ్లీ సర్దుకుంది. ఆ తర్వాత నడక మారిపోయింది. 'పచ్చి బాలింతరాలు, నడుముకు బలం లేదు' అంది అమ్మ. 'పని తప్పించుకోను వేషాలేస్తాంది' అన్నారు కొందరు. బజారులో గోడ పట్టుకుని నడుస్తుంటే, 'మందు తాగినోళ్ల మాదిరి తూలుతాంది' అని నవ్వినవాళ్లూ ఉన్నారు. మగవాడు తాగి తూలితే పక్కనుండి ఇల్లు చేర్చే ఊరు, తాగని ఆడది తూలితే ఆమె నడవడిని అనుమానించింది. ఏడాది గడిచాక కర్నూలులో ఎమ్మారై తీస్తే మల్టిపుల్ స్క్లీరోసిస్ అని తేలింది.

నరాల మీద ఉండే మైలిన్ అనే పొరను మన శరీరపు రక్షణ వ్యవస్థే దెబ్బతీయడం వల్ల వచ్చే జబ్బిది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. గర్భం చివరి నెలల్లో తగ్గుముఖం పట్టి, కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో తిరగబెట్టడం ఎక్కువని 1998లో వెలువడిన ఒక పెద్ద యూరప్ అధ్యయనం చెప్పింది. అంటే ఇల్లంతా 'బాలింత నీరసం' అని కొట్టిపారేసే రోజుల్లోనే ఈ జబ్బు బయటపడవచ్చు.

మనిషి పడకుండా నిలబడాలంటే మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్లు, లోపలి చెవి, పాదాలు. పాదాల నుంచి వచ్చే కబురు దారిలో ఆగిపోతే కళ్లు ఆ లోటు పూడుస్తాయి. అందుకే కాళ్లు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమంటాం. దీన్ని రోంబెర్గ్ పరీక్ష అంటారు. 19వ శతాబ్దపు బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ పేరు మీద వచ్చింది. ఈ పరీక్ష చేసేటప్పుడు మాకు మొదట నేర్పేది మార్కులు వేయడం కాదు. రోగికి దగ్గరగా, చేతులు చాచి నిలబడటం. పడితే పట్టుకోవాలి.

నేను వదినకు చేసింది బెర్గ్ స్కేలు. కేథరిన్ బెర్గ్, ఆమె సహచరులు 1989లో కెనడాలో వృద్ధుల కోసం రూపొందించారు. 14 పనులు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. కుర్చీలోంచి లేవాలి, కళ్లు మూసుకుని పది సెకన్లు నిలబడాలి, కిందున్న వస్తువు తీయాలి, గుండ్రంగా తిరగాలి, ఒంటికాలి మీద నిలబడాలి. వదినను కర్నూలు తీసుకెళ్లి, పొద్దున పది గంటలకు, ఫ్యాను కింద, చదునైన గచ్చు మీద చేయించాను. 52 వచ్చాయి. 45 దాటితే పడిపోయే భయం తక్కువని వాడుకలో ఒక గీత ఉంది. సంతోషపడి అమ్మతో చెప్పాను: 'వదినకు బాగానే ఉందిమా, పని చేసుకోవచ్చు.'

అంతే. అప్పటిదాకా నీళ్లు తెచ్చిపెడుతున్న పక్కింటి పిల్లను అమ్మ వద్దంది. పది రోజులు కాకముందే ఒక మధ్యాహ్నం వదిన నిండు బిందెతో పడింది. ముంజేయి విరిగింది.

'పరీక్షలో బాగా నిలబడితివి కద వదినా' అన్నాను. ఆ మాటలో నిందే ఉంది, దాచిపెట్టలేను.

'నువ్వు ఎనక ఉంటివి కద పాపా. పడితే పట్టుకుంటావని నిలబడినా' అంది.

నా చదువులో ఈ జవాబుకు చోటు లేదు. నేను ఆమె కాళ్లను మాత్రమే కొలుస్తున్నాననుకున్నాను. నిజానికి నా చేతులను కూడా కలిపి కొలిచాను. ఆ 52లో కొన్ని మార్కులు నావి. కాగితం మీద వాటన్నిటినీ ఆమె ఖాతాలో వేసి, చేతులు వెనక్కి తీసుకుని, ఆమెను పనిలోకి పంపించాను.

తర్వాత ఆ స్కేలును మళ్లీ చదివాను. అందులో నడక లేదు. బరువు మోయడం లేదు. చంకన బిడ్డ, నెత్తిన బిందె లేవు. కుర్చీ ఉంది, మా వంటింట్లో కుర్చీ లేదు. ఎండ సంగతీ లేదు. శ్రమ పడితే ఈ జబ్బున్నవాళ్ల చూపు కాసేపు మసకబారుతుందని 1890లోనే విల్హెల్మ్ ఉట్‌హోఫ్ రాశాడు; ఒంటి వేడి పెరిగితే లక్షణాలు ముదురుతాయని తర్వాత తేలింది. మా పత్తి చేలల్లో ఏప్రిల్ మధ్యాహ్నం మూడు గంటలకు ఉండే వదిన, ఫ్యాను కింద పొద్దున నిలబడ్డ వదిన ఒకరు కారు. రోగినే అడిగి మార్కులు వేసే స్కేలు కూడా ఉంది. 1995లో వచ్చింది, 16 ప్రశ్నలు. ఎస్కలేటరు ఎక్కగలవా, మంచు గడ్డకట్టిన బాట మీద నడవగలవా అని అడుగుతుంది. దేవనకొండలో!

అలాగని కొలతలు వద్దని నేను అనలేను. ఎమ్మారై రాకముందు వదిన మాటకు విలువెంత? 'కాళ్ల కింద నేల ఉన్నట్టు తెలీడం లేదు' అని ఏడాది పాటు చెప్పింది. ఎవరూ నమ్మలేదు, నేనూ సగమే నమ్మాను. ఆడదాని నొప్పికి సాక్ష్యం అడిగే ఇంట్లో కాగితమే ఆమె తరపు సాక్షి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ జబ్బు పేరే లేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచి దీన్నీ చేర్చింది. 40 శాతం అని రాసిస్తేనే రిజర్వేషన్లయినా, పింఛనయినా. అంకె లేకపోతే ఆమె చేతిలో ఏమీ లేదు.

కాబట్టి అంకె ఉండాలా, మాట ఉండాలా అన్నది కాదు ప్రశ్న. అంకె వచ్చాక మాట వినడం ఆపేయవచ్చా అన్నది. నేను ఆపేశాను. 'నీకేం చేతనవును?' అని స్కేలు అడిగింది. 'ఏం చేయాల్సి వస్తోంది, ఎక్కడ, ఎవరు తోడున్నారు?' అని నేను అడగలేదు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. నా అంకె ఎవరి చేతికి వెళ్తుందో, దానితో వాళ్లేం చేస్తారో ఆలోచించలేదు. కోడలికి ఎంత పని చెప్పవచ్చు అన్నదొక్కటే తేలాల్సిన ఇంట్లో, 52 అంటే వైద్యపు మాట కాదు, పని పురమాయింపు.

ఆడవాళ్లను నిలబెట్టి చూడటం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. పెళ్లిచూపుల్లో నడిపించి చూస్తారు. అత్తారింట్లో ఓర్పు చూస్తారు. బిడ్డలు, పొలం, పొయ్యి అన్నీ ఒకేసారి మోయించి తూలుతుందేమో చూస్తారు. ఆ పరీక్షల్లో ఎవరూ వెనక చేతులు చాచి నిలబడరు. పడితే పట్టుకునే బాధ్యత తీసుకోని వాళ్లకు ఇంకొకరి నిలకడను కొలిచే హక్కు లేదు. ఈ ఒక్క నీతి మా వృత్తి పాఠంలో మొదటి రోజే ఉంది. అది పరీక్ష గదికే పరిమితం అనుకోవడమే నా తప్పు.

చేయి అతికాక మళ్లీ పరీక్ష చేశాను. ఈసారి వాకిట్లో, మధ్యాహ్నం పూట. ఏ పనులు చేయించాలో వదిననే చెప్పమన్నాను. నీళ్ల పని ముందు చెబుతుందనుకున్నాను. ఆమె చెప్పింది తలస్నానం.

'కుంకుడురసం పోసుకుంటే కండ్లు మూసుకోవల్ల కద. అప్పుడు గోడ యాడుందో తెలీదు. తడి బండ. ఎవరినీ రమ్మనేకి కాదు' అంది.

రోంబెర్గ్ పరీక్ష. మూడేళ్లుగా వారానికోసారి, తడి బండ మీద, ఒంటరిగా, గడియ పెట్టుకుని తనకు తానే చేసుకుంటోంది. ఆ మార్కులు ఎక్కడా లేవు.

గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించమని, లోపల పీట వేయమని అన్నకు చెప్పాను. అమ్మతో వేరే మాట్లాడాల్సి వచ్చింది, అది ఒక్క రోజుతో తేలలేదు. పక్కింటి పిల్ల మళ్లీ నీళ్లు తెస్తోంది. కడ్డీ బిగించేదాకా వదిన తలస్నానం చేసే రోజు గడియ పెట్టుకోలేదు. నేను తలుపు బయట నిలబడ్డాను.