దిగులు భక్తి లోపమా?

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లు పెద్ద జబ్బు చేస్తే రెండు బస్సులెక్కుతారు. ఒకటి కర్నూలు పెద్దాసుపత్రికి, ఇంకొకటి మంత్రాలయానికి. అక్కడ 1671లో రాఘవేంద్రస్వామి (భక్తుల ‘రాయరు’) సజీవంగా ప్రవేశించిన బృందావనం చుట్టూ తిరిగేవాళ్లలో మోకాళ్ల నొప్పులవాళ్లు, పిల్లలు లేనివాళ్లు తమ కష్టం పక్కవాళ్లకూ చెప్పుకుంటారు. ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన మగవాడు మాత్రం రాయరికి కూడా ‘మూత్రం సమస్య’ అనే విన్నవించుకుంటాడేమో!

జబ్బు వచ్చే చోటు అలాంటిది. చికిత్స అంతకన్నా ఇబ్బందికరం. మగ హార్మోన్‌ను తగ్గిస్తే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో వైద్యుడు చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో అందుకు నోబెల్ వచ్చింది. ముదిరిన జబ్బుకు నేటికీ వృషణాలు తొలగిస్తారు, లేదా ఇంజెక్షన్లతో టెస్టోస్టిరాన్‌ను అణచిపెడతారు. ఆయుష్షు పెరుగుతుంది. ఒంట్లో సెగలు, నీరసం, కోరిక ఇంకిపోవడం, కొందరికి డిప్రెషన్ కూడా వెంట వస్తాయి. ప్రోస్టేట్ తీసేసే ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగకపోతే ఎమ్మిగనూరు మగ్గం గుంటలో కూర్చునేవాడికీ, ఆదోని పత్తి యార్డులో బస్తాలు మోసేవాడికీ పనికే ఎసరు.

జబ్బు పేరు వినడమే ఒక దెబ్బ. రోగం నిర్ధారణ అయిన తొలి వారాల్లో ఆత్మహత్యల ముప్పు బాగా పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2009లో తేల్చారు.

ఆ సమయంలో పరామర్శకు వచ్చినవాళ్లు ఏమంటారు? ‘అంతా ప్రారబ్ధం చిన్నాయనా. రాయరున్నాడు, ధైర్యంగా ఉండు.’ ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ధైర్యం నిలవనివాడికి అది నేరారోపణలా వినిపిస్తుంది: రాయరుండగా దిగులెందుకు? నమ్మకం చాలలేదా?

రమణ మహర్షి చేతికి క్యాన్సర్ వచ్చినా దేహం తాను కాదన్నారు, 1950లో నిశ్చింతగా కన్నుమూశారు. అయితే ఆయన అన్నది తన దేహం గురించి. అదే మాట పక్కింటి రోగికి బోధించడం వేదాంతం కాదు, జాలి లేకపోవడం.

శాస్త్రం కూడా అంత కఠినంగా లేదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుణ్ని పదిహేను రోజులు నీళ్లతోనే ఉంచాడు. చదివిన వేదం ఒక్క ముక్కా గుర్తురాలేదు. అన్నం తిన్నాక అంతా తిరిగొచ్చింది. అన్నం తగ్గితే వాడిపోయే మనసు, హార్మోన్ తగ్గితే కుంగదా? అందులో భక్తి లోపమెక్కడ? సాంఖ్యులూ అద్వైతులూ మనసును జడంలోనే లెక్కేశారు. జడానికి జబ్బు చేస్తుంది, వైద్యమూ ఉంటుంది.

కాబట్టి ప్రదక్షిణలు మానక్కర్లేదు. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా క్యాన్సర్ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయన్ను అడిగి మానసిక వైద్యుణ్నీ కలవండి. మానసిక సాయం కోసం ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.