టైపు కొట్టిన చేతులు

1980లలో అమెరికాలో ఇళ్ళలోకి వచ్చిన చిన్న కంప్యూటర్ల కోసం ప్రోగ్రాములు పత్రికల్లో అచ్చయ్యేవి. పేజీ ముందు పెట్టుకుని వరస తర్వాత వరస ఎవరికి వారే కొట్టుకోవాలి. కమడోర్ వాడకందార్ల పత్రిక ‘కంప్యూట్స్ గెజెట్’ 1984 జనవరి సంచికలో చార్లెస్ బ్రానన్ రాసిన ‘స్పీడ్‌స్క్రిప్ట్’ అనే వర్డ్ ప్రాసెసర్ అలాగే వచ్చింది. అందులో మాటలుండవు. 0 నుంచి 255 లోపు సంఖ్యలే, వేలకొద్దీ.

ఒక్కటి తప్పినా ప్రోగ్రాం మొరాయించవచ్చు. అందుకే ‘ఎంఎల్‌ఎక్స్’ అనే సహాయక ప్రోగ్రాం ఉండేది. ప్రతి వరస చివరా ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. లెక్క కుదరకపోతే ఆ వరస మళ్ళీ కొట్టమంటుంది.

ఆ రోజుల్ని తలచుకునేవాళ్ళు ఈ శ్రమ తమకు ఓపిక నేర్పిందని మురిసిపోతారు. కాదనను. కానీ అంతకుముందు దశాబ్దాల్లో ఇంతే ఓపికతో ఆఫీసుల్లో కార్డులు పంచ్ చేసిన ఆపరేటర్లలో ఎక్కువమంది స్త్రీలు. ఒకామె కొట్టిన కార్డును ఇంకొకామె వెరిఫయర్ యంత్రం మీద మొదటినుంచీ మళ్ళీ కొట్టేది. రెండూ కలవకపోతే యంత్రం ఆగేది. ఎంఎల్‌ఎక్స్ చేసింది ఆ రెండో ఆమె పనే. ఆమె ఓపికను మాత్రం ‘బుర్ర అక్కర్లేని పని’ కింద జమకట్టారు. టైపు హయ్యర్ పాసైన నాకు ఆ మాట కొత్తేం కాదు.

ఇంట్లో కొట్టుకున్నవాళ్ళు నేర్చుకున్నారు కదా అనవచ్చు. బేసిక్‌లో రాసిన ప్రోగ్రాముల విషయంలో అది నిజమే. కానీ స్పీడ్‌స్క్రిప్ట్ సంఖ్యలు చూసి అర్థం చేసుకోగలిగినవాళ్ళు ఎందరు? మరి తేడా ఎక్కడుంది? కొట్టడం అయ్యాక చేతిలో ఏం మిగిలిందన్న దాంట్లో ఉంది. ఇంట్లో కొట్టిన మనిషికి, ఆడైనా మగైనా, సొంతానికో వర్డ్ ప్రాసెసర్ మిగిలింది. ఆపరేటర్‌కు జీతం మిగిలింది. కార్డులూ, వాటిలోని లెక్కలూ యజమానివి.

అంటే ఒక పనిని యాంత్రికం అనేటప్పుడు మనం చూస్తున్నది అందులో ఆలోచన ఎంతుందని కాదు. చేస్తున్నదెవరు, ఫలం ఎవరికి చేరుతోంది అని. ఆడవాళ్ళ పనికి గౌరవం అడిగినప్పుడల్లా అందులోనూ మేధస్సు ఉందని రుజువు చేయబోతాం. ఆ రుజువు ఎందుకివ్వాలి? విసుగును భరిస్తూ, తప్పు దొర్లకుండా పని పూర్తిచేయడం దానంతటదే ఒక విలువ. ఇంటి బల్ల దగ్గర దానికి పేరు ఓపిక. జీతానికి చేసే బల్ల దగ్గర కూడా ఆ పేరే ఉండాలి.