ఐదో కారణం

ఇరవై చుక్కలున్న ఆ తెల్లకాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంజనీరింగు రెండో ఏడాదిలో నేనూ నా జతగాడూ కలిసి ఒక చిన్న విసురు యంత్రం చేశాం. చెక్క చట్రం, స్కూటర్ ట్యూబు నుంచి కోసిన రెండు రబ్బరు పట్టీలు, పట్టి ఉంచి వదలడానికి ఒక తలుపు గడియ. ఉక్కు గుండును నాలుగు మీటర్ల అవతల, గుండు వదిలే ఎత్తులోనే ఉన్న బల్ల మీద వెయ్యాలి. బల్ల మీద తెల్లకాగితం, దాని పైన కార్బన్ పేపరు. గుండు తగిలినచోట నల్లచుక్క పడుతుంది.

మొదటిరోజు కొన్ని గుండ్లు బల్ల దాటిపోయాయి, కొన్ని ఇవతలే రాలాయి. "మన ఖర్మరా" అన్నాడు జతగాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మా ఇంట్లో గీత చదివేవాళ్లు. పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమన్నారు శంకరులు. నాకు మాత్రం ఆ రాత్రి మా చెక్క చట్రమే కనిపించింది. దైవం ఐదోది. మేము మిగతా నాలుగింటినీ చూడకుండానే ఐదోదాని మీద నేరం మోపుతున్నాం.

మర్నాటి నుంచి లెక్క మొదలుపెట్టాం. దారానికి గుండు వేలాడదీసి చట్రం కోణం సరిచూశాం. నలభై అయిదు డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే నాలుగు మీటర్లలో తేడా రెండు మూడు మిల్లీమీటర్లే. మేము రోజంతా తంటాలుపడింది ఆ కోణంతోనే! అసలు దోషం రబ్బరు లాగడంలో ఉంది. దూరం దాదాపు లాగిన పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇరవై సెంటీమీటర్లు లాగాల్సినచోట ఒక్క సెంటీమీటరు తగ్గితే గుండు ముప్పై తొమ్మిది సెంటీమీటర్లు ఇవతలే పడుతుంది. చూపుడువేలితో పెట్టిన గుర్తు తీసేసి చెక్కకు మేకు కొట్టాం. చుక్కలు దగ్గరయ్యాయి.

తర్వాత ఒకరోజు పొద్దున్నే వెళ్లి చూస్తే గుండ్లన్నీ ఇవతలే పడుతున్నాయి. మేకు అక్కడే ఉంది, కోణం మారలేదు. జతగాడు నా మొహంలోకి చూశాడు గాని ఈసారి ఖర్మ అనలేదు. రాత్రంతా పట్టీలను సాగదీసిన బిగువులోనే వదిలేసి పోయామని మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. అట్లా లాగి ఉంచితే రబ్బరు బిగువు సడలుతుంది. తెలియనంతసేపూ అది దైవం, తెలిసినాక మా మరుపు.

కణాదుడి వైశేషిక సూత్రాలు చాలా ఏళ్ల తర్వాత చదివాను. వింటిని వదిలిన బాణానికి మొదటి కదలిక తోపు వల్ల, తర్వాతి కదలికలు దానిలో పుట్టిన సంస్కారం వల్ల. ఆ సంస్కారం తీరిపోగానే బరువు వల్ల పడిపోవడం. మా ప్రాజెక్టు అంతా అందులో ఉంది. ఆ అధ్యాయంలోనే సూది అయస్కాంతం వైపు జరగడానికి కారణం అదృష్టం అంటాడు. అంటే కంటికి కనబడనిది. ఆ సూది సంగతి ఇప్పుడు మనకు తెలుసు. అయినా ఆ మాట నాకు చిన్నదిగా అనిపించదు. కారణం ఉంది, నాకింకా కనబడలేదు అని ఒప్పుకోవడం అది. మా జతగాడి ఖర్మలో ఆ ఒప్పుకోలు లేదు, వెతకడం మానేద్దామన్న అలసట ఉంది.

మా అబ్బ జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలు తోలేవాడు. పొద్దున్నే వంకలో రాళ్లు ఏరి, అరచేతిలో బరువు చూసి, గుండ్రటివే ఒళ్లో పోసుకునేవాడు. మంచె ఎక్కేముందు దండం పెట్టేవాడు. రాళ్లు ఏరకుండా దండం పెట్టిన రోజు నేనెరగను.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. జతగాడు కాగితం సర్దడానికి వంగినప్పుడు నా బొటనవేలు గడియ మీద నుంచి జారింది. వాడి చెయ్యి అక్కడుందని నాకు తెలిసింది, గుండు వెళ్లిపోయాక. పులి అనుకుని వేసిన బాణం, అది ఆవు అని తెలిసినంత మాత్రాన ఆగదని వివేకచూడామణిలో ఉంది. ప్రారబ్ధం ఎట్లాంటిదో చెప్పే పోలిక అది. వాడి వేలిగోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడింది. "పోనీలేరా, జరగాల్సింది జరిగింది" అన్నాడు. వాడి మంచితనం అది. నేను ఒప్పుకోలేకపోయాను. వదిలిన తర్వాత నా చేతిలో ఏమీ లేదన్నది నిజమే, కాబట్టే వదలకముందు అంతా నా చేతిలోనే ఉంది. ఆ సాయంత్రమే గడియకు అడ్డంగా ఒక పిన్ను పెట్టాం. పిన్ను తీసేవాడు ముందు గట్టిగా పిలవాలి, బల్ల దగ్గరున్నవాడు పలకాలి.

నాలుగు కారణాలూ ఇంత పట్టిపట్టి చూసినా చివరి రోజు ఇరవై గుండ్లూ ఒకేచోట పడలేదు. కర్తను నేనొక్కణ్ణే అనుకునేవాడు సరిగా చూడటం లేదని ఆ ఐదు కారణాలు చెప్పిన వెంటనే కృష్ణుడు అంటాడు. ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతూ ఆ కాగితం తీస్తుంటాను. అరచెయ్యి పెడితే పంతొమ్మిది చుక్కలు దానికింద దాగిపోతాయి. ఇరవయ్యోది చిటికెనవేలి పక్కన, బయటే ఉంటుంది.