వేటగాని భుజము, జింక ప్రాణము

వేటయే హింస యైనపుడు అందు మంచి తుపాకి యేది, చెడ్డ తుపాకి యేది యను విచారణ యేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. దయను ధర్మమునకు మూలముగ నెంచు మనకు వేట వర్జ్యమే. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కూడ జింకల వేటను నిషేధించుచున్నది. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో అనుమతిపత్రము పొంది, నియమిత కాలమున జింకలను వేటాడుట చట్టసమ్మతము. అచటి వేటగాడు తుపాకి నెన్నుకొనుటలో ఒక ధర్మసూక్ష్మము కలదు.

గుండు ముందునకు దూసుకొనిపోవునపుడు తుపాకి వెనుకకు తన్నును. గుండు బరువు, మందు పరిమాణము పెరిగినకొలది ఆ తాపు పెరుగును. తుపాకి బరువు పెరిగినకొలది తగ్గును. 1906లో అమెరికా సైన్యము స్వీకరించిన ‘థర్టీ ఆట్ సిక్స్’ తూటాలో గుండు సాధారణముగ 150 మొదలు 180 గ్రెయినులు తూగును. 1955లో వెలువడిన ‘టూ ఫార్టీ త్రీ వించెస్టర్’ తూటాలో జింకల వేటకు వాడు గుండు సుమారు 100 గ్రెయినులే. తుపాకుల బరువు సమానమైనపుడు మొదటిదాని తాపు రెండవదానికి ఇంచుమించు రెండింతలు.

అయినను పెద్ద తూటాయే పౌరుషమునకు గుర్తని భ్రమించువారు కలరు. ఒకమారు దెబ్బ తిన్న భుజము మరుమారు దానిని ముందుగనే తలచి బెదరును. మీట నొక్కు క్షణమున కన్ను మూతపడును, చేయి అదురును. గుండెకు గాని ఊపిరితిత్తులకు గాని తగులవలసిన గుండు కడుపునకో కాలికో తగులును. జింక వెంటనే చావక, పొదల మాటున గంటల తరబడి తన్నుకొనును. అహంకారము ఒకరిది, బాధ మరియొకరిది!

అట్లని మిక్కిలి చిన్నదానిని గైకొనుటయు దయ కాదు. చాలినంత బలము లేని గుండు సైతము గాయపరచి విడుచును. అందుచేతనే కొలరాడో రాష్ట్రమున జింకల వేటకు వాడు రైఫిలు గొట్టపు వ్యాసము అంగుళములో నూటికి 24 వంతులకు తగ్గరాదని నియమము కలదు. కావున పని నెరవేర్చుటకు చాలునది, తన చేతికి లొంగునది, ఈ రెండును కలిసినదే తగిన ఆయుధము. దానితో గురి కుదరనంత దూరమున జింక యున్నచో పేల్చక మరలుటయు వేటగాని ధర్మమే.

ఇది తుపాకికి మాత్రమే చెందిన నీతి కాదు. తనకు లొంగని గ్రంథమును గొప్పకై చేతబట్టి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు కలుగు నష్టమేమియు లేదు, నష్టపోవువారు పిల్లలే. శక్తికి మించిన సాధనము చేపట్టినవాని తప్పునకు శిక్ష తరచుగా నోరులేనివారిపై పడును.

తాపు తగ్గిన తుపాకి వేటను పుణ్యకార్యము చేయునా? చేయదు. ప్రాణము తీసిన భారము తీసినవానిదే. కాని ‘ఎట్లును చంపుచున్నాను గదా, ఎట్లు చంపిన నేమి’ యనుట రెండవ పాపము. మొదటిదానిని మానలేనివాడు రెండవదానినైనను మానవచ్చును గదా!